లోపలి నుంచి కబురు లేదు

క్రేన్ క్యాబిన్ నుంచి,
ఫిబ్రవరి 3, మధ్యాహ్నం భోజనాల వేళ

ఒరే బామ్మర్దీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా ఇంట్లో గోడలకి చెవులున్నాయో లేదో గానీ మీ అక్కకి మాత్రం నాలుగు జతలున్నాయి. పోనీ సైట్ నుంచి చేద్దామంటే చుట్టూ మనుషులే. అందుకని అరవై మీటర్ల ఎత్తున కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడిదాకా మీ అక్క ఎక్కి రాలేదు.

జ్వరం తగ్గి రెండు నెలలైంది. మళ్ళీ పనిలో చేరి మూడు వారాలు. ఆస్పత్రిలో గుండె, రక్తం అన్నీ చూసి బాగున్నావు పొమ్మన్నారు. పైకి బాగానే ఉన్నాను. కానీ ఒకటి జరుగుతోంది, ఎవరికి చెప్పినా పిచ్చంటారు. నువ్వు మెదడు ల్యాబ్‌లో పెద్ద పనిలో ఉన్నావు, సగం డాక్టరువి. అందుకని నీకే చెబుతున్నా.

నాకు ఆకలి వేయట్లేదు. తిండి సయించక కాదు. పెడితే తింటాను, రుచి తెలుస్తుంది. అసలు ఆకలి 'వేయడం' అనేదే లేదు. గడియారం చూసి తింటున్నా. నిండిందో లేదో తెలియక, కంచం ఖాళీ అయితే లేస్తున్నా. బాత్రూంకి కూడా గడియారం చూసే వెళ్తున్నానంటే నవ్వుకో.

నిచ్చెన మీంచి క్యాబిన్‌లోకి అడుగుపెట్టే చోట జానెడు సందు ఉంటుంది. చూస్తే నేల దాకా కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా దాటుతున్నా. దాటిన ప్రతిసారీ కడుపులో ఏదో జారినట్టయ్యేది. ఇప్పుడు వంటింటి గడప దాటినట్టు దాటుతున్నా. 'జ్వరం వచ్చాక రాటుదేలావు గురూ' అని సైట్‌లో మెచ్చుకుంటున్నారు.

అదీ సరే. నిన్న పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దంలో ఉన్నాయనని చూసి 'పాపం ఈయనకి తెగకుండా చూడాలి' అనుకున్నాను. కాసేపటికి గానీ అది నా ముఖమేనని తట్టలేదు. చేతులు నేను చెప్పినట్టే కదులుతాయి, కానీ అద్దెకు తెచ్చుకున్నవిలా ఉన్నాయి. మీ అక్క నవ్వితే నేనూ నవ్వుతున్నా. నవ్వు మూతి దాకానే వస్తోంది, లోపలికి దిగట్లేదు.

ఇదేం రోగంరా? నీకు తెలిసింది రాయి. మీ అక్కకి మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు.

మీ బావ


ప్రయోగశాల వెనక మెట్ల మీద నుంచి,
ఫిబ్రవరి 9

బావా,

అడగాల్సినవాణ్ణే అడిగావు. మా ల్యాబ్‌లో మేము పొద్దస్తమానం చేసే పని ఇదే.

మనకి బయటి కబుర్లు కళ్ళూ చెవులూ తెస్తాయి కదా. లోపలి కబుర్లు తేవడానికి వేరే నరాలున్నాయి. గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోంది, కడుపు ఖాళీగా ఉందా, ఊపిరి చాలుతోందా, ఇవన్నీ క్షణక్షణం మెదడుకి చేరుతుంటాయి. మెదడు వాటిని ఒకదానితో ఒకటి కలుపుకుని 'ఇదిగో, ఇది నేను' అనుకుంటుంది. 'నేను' అంటే నుదుటి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్న దొరగారు కాదు బావా. ఒంట్లోంచి వచ్చే కబుర్లతో ఎప్పటికప్పుడు అల్లుతున్న అల్లిక. భయమైనా, సంతోషమైనా అంతే. గుండె దడదడ లోపల తెలిస్తేనే అది మన భయం. తెలియకపోతే పక్కవాడి భయం.

మా దగ్గర ఒక పరీక్ష ఉంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, నాడి ముట్టుకోకుండా తన గుండె చప్పుళ్ళు తనే లెక్కపెట్టమంటాం. యంత్రమూ లెక్కపెడుతుంది. కొందరు ఒకటి రెండు తేడాతో చెప్పేస్తారు. కొందరు మొహమాటానికి ఏదో అంకె చెబుతారు.

నీకు జ్వరంలో ఆ నరాలు కాస్త నీరసించి ఉంటాయి. ఇలాంటి కేసులు మేము ఎన్ని చూడలేదు! రెండు నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. దర్జాగా క్రేన్ ఎక్కు. అక్కకి చెప్పను, నా నోరు నీకు తెలుసుగా.

నీ బామ్మర్ది


వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఫిబ్రవరి 20

తమ్ముడూ,

మీ బావ నీకు ఉత్తరం రాశాడు. రాశాడా అని అడగట్లేదు, రాశాడు అంటున్నాను. స్టాంపుల కోసం నా డబ్బా వెతికాడు, మళ్ళీ ఉన్నదున్నట్టు సర్దడం చేతకాలేదు. ఏం రాశాడో చెప్పమని నిన్ను ఇరకాటంలో పెట్టను. ఒట్టు వేయించుకునే ఉంటాడు.

నేను బట్టలు కుట్టేదాన్ని. టేపు పట్టుకుని నిలబడితే మనిషి ఒళ్ళు చూసి మనసు చెప్పగలను. మీ బావ ఒంట్లో మీ బావ లేడు తమ్ముడూ. చలికి వణుకుతూ కూర్చుంటాడు, దుప్పటి కప్పుకోవాలని తోచదు. నేనే 'అబ్బ, చలేస్తోంది' అంటూ తెచ్చి ఇద్దరి మీదా కప్పుతున్నా. మూడు పూటలా 'నాకు ఆకలేస్తోందండీ, ఒక్కదాన్నే తినలేను, రండి' అంటున్నా. ఈ నాటకంలో నేను నాలుగు కిలోలు పెరిగాను.

మొన్న నా స్నేహితురాలి తల్లి పోతే నాతో పాటు వచ్చాడు. అందరూ ఏడుస్తుంటే ఒక్కొక్కరి ముఖమూ చూశాడు, చూసి తన ముఖం అలా పెట్టుకున్నాడు. పక్కవాడి పలక చూసి రాసుకునే పిల్లాడిలా. అది చూశాక నాకు ఆ ముసలావిడ కోసం కాదు, ఈయన కోసం ఏడుపొచ్చింది.

నాతో చెప్పకపోతే పోనీ, ఆయన పరువు ఆయనది. నువ్వు డాక్టర్ల మధ్య ఉన్నవాడివి. ఈయన ఆ క్రేన్ ఎక్కొచ్చా, ఎక్కకూడదా? ఆ ఒక్క ముక్క చెప్పు. నువ్వు ఎక్కొచ్చంటే నేను నోరు మూసుకుంటాను.

అక్క


ప్రయోగశాల నుంచి,
ఫిబ్రవరి 26

అక్కా,

బావ గురించి బెంగ పెట్టుకోకు. నీరసం, అంతే. ఎక్కొచ్చు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. వివరంగా మళ్ళీ రాస్తాను.

తమ్ముడు


సైట్ ఆఫీసు పక్క బెంచీ మీద నుంచి,
మార్చి 11

బామ్మర్దీ,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఇనప చట్రం ఒకటి పన్నెండో అంతస్తుకి ఎత్తాలి. తలుపంత వెడల్పు, లారీ అంత పొడుగు. గాలి లేచింది. గాలి వేగం చూపే మీటరు ఇంకా ఎర్ర గీత దాటలేదు గానీ దాటేలా ఉంది. మునుపైతే ఆ పాటి గాలికే నా కడుపులో చేయి పెట్టి తిప్పినట్టయ్యేది, మీటరు చూడక ముందే ఆపేసేవాణ్ణి. నన్ను పద్దెనిమిదేళ్ళు కాపాడింది మీటరు కాదురా, ఆ కడుపే. నిన్న అది మాట్లాడలేదు. మీటరు సరే అంది, నేను ఎత్తాను.

సగం దూరంలో చట్రం గాలికి తిరిగింది. కింద సైగలు చేసే పెద్దాయన వాకీటాకీలో 'దించెయ్, దించెయ్' అని కేక. దించాను. చేతులు తడబడలేదు. దిగే లోపు దాని కొస పరంజాని కొట్టింది. వెదుళ్ళు రెండు విరిగి ఆయన నిలబడ్డ చోటికి మూరెడు దూరంలో పడ్డాయి. పైనుంచి చూస్తే ఆయన నేల మీద కూలబడ్డాడు. నాకేమీ అనిపించలేదు. 'ఓహో, కూర్చున్నాడు' అనుకున్నాను.

దిగి వచ్చాక ఒకడు 'ఎంత నిబ్బరమండీ మీకు' అన్నాడు. పెద్దాయన మాత్రం నా చేయి లాగి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. 'చూడు, ఇంకా ఎలా కొట్టుకుంటోందో' అన్నాడు. నా అరచేతిలో ఆయన గుండె పిట్టలా గిలగిలలాడుతోంది. ఆయన గుండె నాకు తెలుస్తోందిరా. నాది తెలియట్లేదు.

నువ్వు పరవాలేదన్నావు కాబట్టి పరవాలేదనే అనుకుంటున్నా. విరిగిన పరంజా మార్చడానికి నాలుగు రోజులు పడుతుంది. సోమవారం మళ్ళీ ఎక్కుతాను.

మీ బావ


ప్రయోగశాల వెనక మెట్ల మీద నుంచి,
మార్చి 15

బావగారికి,

పొద్దున ఫోన్‌లో 'ఎక్కొద్దు, దేవుడి తోడు ఎక్కొద్దు' అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. మిగతాది నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నేను సగం డాక్టర్ని కాదు. పావు కూడా కాదు. పరీక్షకి వచ్చినవాళ్ళ ఛాతీకి తీగలు అంటించడం, అయ్యాక పీకడం, ఆ జిగురు కడగడం, కుర్చీలు తుడవడం, అదీ నా ఉద్యోగం. మీకు రాసిన సంగతులు తీగలు అంటిస్తూ విన్నవి. అవి నిజమే. 'రెండు నెలల్లో సర్దుకుంటుంది' అన్నది మాత్రం ఎవరూ అనలేదు, నేనే అన్నాను. 'దర్జాగా ఎక్కు' అన్నదీ నేనే. మీరు నన్ను అంతటివాణ్ణి చేసి అడిగేసరికి, తెలియదు అనే మాట నోటికి రాలేదు. అక్క అడిగినా అదే చెప్పాను. అవును, అక్క నాకు రాసింది, నేను మీ దగ్గర దాచాను. ఆ వెదురు మూరెడు ఇటు పడి ఉంటే ఆ పెద్దాయన చావు నా చేతి రాతతో జరిగి ఉండేది.

మీ ఉత్తరాలు పట్టుకెళ్ళి మా పెద్ద డాక్టరమ్మ ముందు పెట్టాను. చదివి కళ్ళద్దాలు తీసి, 'ఈ మనిషి క్రేన్ ఎక్కుతున్నాడా?' అంది. నాకు కాళ్ళ కింద నేల లేదు. 'నీకు తెలియదని చెప్పడానికి చదువెందుకయ్యా?' అంది. అంతకన్నా ఏమీ అనలేదు, అంటే బాగుండేది. మిమ్మల్ని వెంటనే తీసుకురమ్మంది.

అక్కకి కూడా ఇవాళే రాస్తున్నాను. ఒట్టు తప్పాను. తిట్టండి, పడతాను. ముందు రండి.

మీ
తీగలు అంటించేవాడు


ఇంటి నుంచి,
మార్చి 19

ఒరేయ్,

ఆ 'గారు' ఏమిట్రా, ఆ 'మీరు' ఏమిట్రా! దానికన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

నీ ఫోన్ రాగానే సైట్ ఇంజినీరు దగ్గరికి వెళ్ళి క్యాబిన్ తాళం ఇచ్చేశాను. ఆయన ఎందుకని అడిగితే 'నాకు భయం వేయట్లేదు సార్' అన్నాను. ముందు నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి తాళం సొరుగులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి మీ అక్క ముందు కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, 'ఏమోయ్, నాకో మూడు నెలలుగా...' అన్నాను. సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే, 'నాలుగు నెలలు' అంది.

'నీకు తెలుసా?'

'దుప్పటి కప్పేది ఎవరనుకున్నారు?'

నీ సంగతి కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నా. 'వాడు ఏడో తరగతి తప్పి, పాసయ్యానని వీధంతా స్వీట్లు పంచినవాడే' అంది. తర్వాత మెల్లిగా, 'పాపం, ఆ జిగురు చేతికి పట్టేస్తుందేమో' అంది. నీ మీద నాకేం లేదురా. నిజం చెప్పాలంటే, ఇప్పుడు నాకు కోపం కూడా రాదు. సరైన సమయం చూసుకుని తప్పు చేశావు. బుధవారం వస్తున్నాం.

మీ బావ


ప్రయోగశాల నుంచి,
ఏప్రిల్ 2

అక్కా,

ఆ రోజు నువ్వు బయట బెంచీ మీద కూర్చున్నావు. లోపల జరిగింది బస్సు దగ్గర చెబుదామనుకున్నా, నీ ముఖం చూసి చెప్పలేకపోయాను.

బావకి తీగలు నేనే అంటించాను. డాక్టరమ్మ నిమిషం పాటు గుండె చప్పుళ్ళు లెక్కపెట్టమంది. నిమిషం అయ్యాక 'ఎన్ని?' అంటే, 'సున్నా' అన్నాడు. యంత్రంలో డెబ్భై ఆరు. ఊరికే ఏదో అంకె చెప్పమంటే చెప్పలేదు. 'ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది డాక్టరమ్మా. తలుపు కొడుతున్నా, లోపల ఎవరూ పలకట్లేదు' అన్నాడు. ఈ కుర్చీలో వందలమందిని కూర్చోబెట్టాను అక్కా. సున్నా అని నిజం చెప్పినవాడు బావ ఒక్కడే.

తర్వాత తెర మీద ఒక చేతి బొమ్మ చూపించారు. మనిషి గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ చేయి కొద్దిగా ఎర్రబడుతుంది. చూస్తూ ఉంటే మామూలుగా చాలామందికి ఆ బొమ్మ తమ చేయే అనిపించడం మొదలవుతుంది. లోపలి కబురూ, బయట చూసేదీ ఒక తాళంలో పడితే మెదడు 'ఇది నాదే' అనుకుంటుందట. బావ పది నిమిషాలు చూసి 'ఎవరిదో పాపం' అన్నాడు. డాక్టరమ్మ తన కుర్చీ దగ్గరికి జరుపుకుని, 'ఇప్పుడు మీ మణికట్టు మీద వేలు పెట్టుకుని చూడండి. లోపలి దారి మూసుకుంటే కబురుని బయటి దారిన పంపిద్దాం' అంది. వేలు పెట్టుకున్నాడు. తెర మీది చేతిని చాలాసేపు చూశాడు. చూసి, 'ఇది నాదా?' అని అడిగాడు. అడిగాడంతే, నాదే అనలేదు. కానీ ఆవిడ వెంటనే రాసుకుంది.

ఆవిడ చెప్పింది ఇది: జ్వరంతో పోరాడుతూ ఒళ్ళు పొరపాటున తన నరాలనే దెబ్బతీసుకుంది. మామూలు పరీక్షల్లో అది బయటపడదు. మందులిస్తుంది. నరాలు గోరు పెరిగినంత నిదానంగా కోలుకుంటాయి. పూర్తిగానా, కొంచెమేనా, తనకి తెలియదంది. అంత చదివిన మనిషి 'నాకు తెలియదు' అని ఎంత తేలిగ్గా అందో! నేను తల దించుకున్నాను.

నీకో పని చెప్పమంది. నీకు కనిపించింది కనిపించినట్టు బావకి చెప్పాలి. నటించకు. 'మీ చేతులు చల్లబడ్డాయి', 'మీరు పిడికిళ్ళు బిగించారు', అలా. ఆయన ఒళ్ళు చెప్పేది కొన్నాళ్ళు నీ నోటితో వినాలట.

తమ్ముడు


సామాన్ల గోదాము నుంచి,
జూన్ 17

బామ్మర్దీ,

నన్ను నేల మీదకి దించి తాళ్ళూ కొక్కేలూ తనిఖీ చేసే పని ఇచ్చారు. ఒక్కో ఇనప తాడూ అంగుళం అంగుళం తడిమి, పోగు తెగిందేమో చూడాలి. కొత్తగా క్రేన్ ఎక్కుతున్న అమ్మాయి మంచి పనిమంతురాలు. ఆమె ఎత్తే ప్రతి బరువూ నేను చూసిన తాడు మీదే వేలాడుతుంది.

మీ అక్క డాక్టరమ్మ మాటని వేదం చేసుకుంది. మొన్న నీళ్ళ పంపు బాగుచేసేవాడు మూడోసారి రాకపోతే, నేను మామూలుగా కూర్చున్నాననుకుంటున్నా. 'ఏమండీ, మీ చెవులు ఎర్రబడ్డాయి. మీకు కోపం వచ్చింది' అంది. అవునా అని అద్దంలో చూసుకున్నా. వచ్చింది! వాడి మీద కేకలేసి వచ్చాను. కోపం ఉందని ఒకరు చెబితే వెళ్ళి కోప్పడినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంకొకటి. పోయిన గురువారం పదకొండున్నర వేళ, పొట్టలో ఎలుక కదిలినట్టైంది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. ఇంటికెళ్ళి చెబితే మీ అక్క కత్తెర కింద పెట్టేసింది. 'ఎక్కడ? పైనా, కిందా? పీకినట్టా, మండినట్టా?' అని దుకాణంలో కొలతలు అడిగినట్టు అడిగి, 'అది ఆకలండీ' అంది. ముప్పావు గంట పాటు అన్నం పెట్టలేదు, మళ్ళీ వస్తుందేమో చూద్దామని. వచ్చింది.

పొద్దున్నే మణికట్టు మీద వేలు పెట్టుకుని కూర్చుంటున్నా. కొన్ని రోజులు పలుకుతుంది, కొన్ని రోజులు లేదు. అద్దంలో ఆయన ఇంకా పూర్తిగా నేను కాలేదు. కానీ చుట్టంలా ఉన్నాడు.

మీ బావ


ప్రయోగశాల మెట్ల మీద నుంచి,
జూలై 1

బావా,

ఆకలి కబురు డాక్టరమ్మకి చెబితే కుర్చీలోంచి లేచింది. సోడా సంగతికి పడీపడీ నవ్వింది.

నా ఉద్యోగం ఏమిటో అమ్మకి నిజం చెప్పాను. 'అంటే, నువ్వు అంటించిన తీగ సరిగ్గా లేకపోతే వాళ్ళకేమీ తెలియదన్నమాట' అంది. 'తెలియదమ్మా' అన్నాను. 'అయితే సరిగ్గా అంటించు' అంది. ఇంతేనా, దీనికా నాలుగేళ్ళు దాచాను!

నువ్వు మళ్ళీ పైకి ఎక్కుతావా అని డాక్టరమ్మ అడగమంది. నాకు తెలియదని చెప్పాను. ఈ మాట ఇప్పుడు బాగా వస్తోంది.

నీ బామ్మర్ది


ఇంటి నుంచి,
నవంబర్ 8

ఒరే బామ్మర్దీ,

డాక్టరమ్మ ప్రశ్నకి ఇవాళ జవాబు దొరికింది.

పోయిన నెల ఆవిడ ఎక్కవచ్చని కాగితం ఇచ్చింది కదా. గుండె చప్పుళ్ళు డెబ్భైకి నలభై ఎనిమిది సరిగ్గా చెప్పానని నువ్వే చెప్పావు. సైట్ ఇంజినీరు 'నీ సీటు నీకే' అన్నాడు. పొద్దున టోపీ పెట్టుకుని, నడుముకి తాడు కట్టుకుని నిచ్చెన దగ్గరికెళ్ళాను. పెద్దాయన కింద నిలబడి చూస్తున్నాడు.

పది మెట్లు బాగానే ఎక్కాను. పదిహేనో మెట్టు దగ్గర కడుపులో జారింది. ఆగాను. అరచేతులు చెమట పట్టి ఇనుము జారుతోంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, వేలు పెట్టకుండానే. పద్దెనిమిదేళ్ళు నాతో మాట్లాడిన భయం కాదురా ఇది. అది పాత స్నేహితుడిలా చెవిలో గుసగుసలాడేది. ఇది అప్పుడే పుట్టిన బిడ్డలా కేకలు పెడుతోంది. దీన్ని చంకనేసుకుని అరవై మీటర్లు ఎక్కడం నావల్ల కాదు.

నిచ్చెనని కావలించుకుని కాసేపు అలాగే ఉన్నాను. ఏడుస్తున్నానని తర్వాత తెలిసింది. ఒక్కో మెట్టూ దిగాను. పెద్దాయన మంచినీళ్ళు ఇచ్చాడు. ఆఫీసుకెళ్ళి, నాకు తాళ్ళ పనే ఉండనివ్వమని రాసి సంతకం పెట్టాను. పద్దెనిమిదేళ్ళ పని అక్కడితో అయిపోయింది. బాధేసింది. బాధ ఎక్కడ వేసిందో కూడా తెలిసింది. ఇక్కడ, రొమ్ము ఎముక కింద.

ఇంటికొచ్చేసరికి మీ అక్క వీధి గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దుటి నుంచి అక్కడే ఉందో ఏమో, చేతిలో కొలత టేపు అలాగే ఉంది.

'ఎక్కారా?'

'లేదు. భయమేసింది.'

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడతో ఆ మాట నేను అనడం ఇదే మొదలు. జ్వరానికి ముందు కూడా అనలేదు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఈసారి నా ఒంట్లో ఏముందో నాకు చెప్పాల్సిన పని లేకపోయింది.

'నాకు పద్దెనిమిదేళ్ళుగా రోజూ వేసేది' అంది. 'మీరు దిగి ఇంటికొచ్చేదాకా.'

అలా ఇద్దరం గుమ్మంలోనే ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, 'అయ్యో, ఏమైందండీ, ఎవరికేమైంది?' అంది.

మీ అక్క టేపుతోనే కళ్ళు తుడుచుకుని, వీధంతా వినపడేలా, పెళ్ళికబురు చెప్పినట్టు చెప్పింది: 'మా ఆయనకి భయమేసిందండీ!'

మీ బావ